12 మంది, 36 పొట్లాలు

మూడేళ్ల క్రితం క్రిస్మస్‌కు క్రెడిట్ కార్డు మీద కొన్న కానుకల బాకీ ఆ మరుసటి ఏడు అక్టోబరులో తీరింది. అప్పటికే బొమ్మ రైలు చక్రం ఊడి మంచం కింద పడి ఉంది. మరిది కొడుక్కి కొన్న బూట్లు వాడి కాళ్లకు ఎప్పుడో చిన్నవైపోయాయి. ఒక పెద్ద పెట్టె ఎవరికిచ్చామో ఎంత ఆలోచించినా నాకూ గుర్తు రాలేదు, మా ఆయనకూ గుర్తు రాలేదు. బిల్లులో మాత్రం దాని వరుస చక్కగా అచ్చై ఉంది.

నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, నేను బడిలో లెక్కలు చెబుతాను. ఆ ఫిబ్రవరిలో చక్రవడ్డీ పాఠం నడుస్తుంటే బోర్డు మీద ఒక లెక్క వేశాను. బాకీ 100 అనుకోండి. వడ్డీ నెలకు 3 శాతం. నెలనెలా తప్పనిసరిగా కట్టాల్సిన కనీస మొత్తం, ఉన్న బాకీలో 5 శాతం. కొత్తగా ఏమీ కొనకుండా ఆ కనీస మొత్తమే కడుతూ పోతే ఏడాది తిరిగేసరికి ఎంత మిగులుతుంది? ఒకరు 40 అన్నారు, ఇంకొకరు 50 అన్నారు. వెనక బల్ల మీది పిల్లాడు ‘తీరిపోతుంది టీచర్’ అన్నాడు. జవాబు 77. ఏడాది పొడవునా 55 కడతాం, అందులో 32 వడ్డీకే పోతుంది, అసలులో తగ్గేది 23. తరగతి మొత్తం ‘అమ్మో’ అంది. ఆ లెక్క పాఠ్యపుస్తకంలో లేదని, మా ఇంట్లో బీరువా మీద ఉన్న కవరులోదని వాళ్లకు చెప్పలేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, కనీస మొత్తంతో సరిపెట్టుకోవడం ఇక కుదరదని మా ఆయనతో అన్నాను. అక్టోబరుకల్లా తీరిందంటే ఆ మాట పుణ్యమే.

ఆ ఏడు చేతిలో డబ్బు తక్కువని మాకు తెలియక కాదు. వేసవి నుంచే మా ఆయనకు అదనపు గంటల పని ఆగిపోయింది. అద్దె, ఫీజులు, కరెంటు, మందులు, అన్నిటికీ పద్దు రాసుకున్నాం. కానుకలకు రాసుకోలేదు. ప్రేమకు కూడా పద్దు రాస్తారా అని నేనే అన్నట్టు గుర్తు. దానికి తోడు, కిందటేడు ఇచ్చినదానికంటే తక్కువ ఇస్తే ఏమనుకుంటారోనన్న బెంగ. వాయిదాలు ఎలాగూ ఉన్నాయి. వడ్డీ లేని వాయిదాలు అని పెద్ద అక్షరాలతో రాస్తారు. అదే వస్తువుకు ఒకేసారి డబ్బు కడితే వచ్చే తగ్గింపు వాయిదాల్లో పోయిందని, పైన ఒక రుసుము పడిందని ఇంటికొచ్చాక చిన్న అక్షరాలు చదివితే తెలిసింది. వడ్డీకి పేరు మార్చారంతే. నాలుగు వస్తువులకు నాలుగు వాయిదాలు. దేనికది చూస్తే చిన్నదే. నాలుగూ నెల మొదటి వారంలో ఒకేసారి గుమ్మంలో నిలబడితే అప్పుడు తెలిసివచ్చింది.

జనవరిలో ఒక రాత్రి పిల్లలు పడుకున్నాక రసీదులన్నీ బల్ల మీద పోసి, పాత నోటు పుస్తకం చివరి పేజీల్లో లెక్క రాశాను. ఎంతైందన్నది బిల్లులోనే ఉంది. ఎవరి కోసం అయిందో తెలుసుకోవాలనిపించింది. మొత్తాన్ని 100 అనుకుంటే మా ఇద్దరు పిల్లలకు పెట్టింది 22. నమ్మలేక మళ్లీ కూడాను. 22 మాత్రమే. అత్తగారి వైపు వాళ్లకు 41, నా పుట్టింటి వైపు 12. తోటి టీచర్లు, మా ఆయన ఆఫీసువాళ్లు, పిల్లల స్నేహితులు, ఇరుగుపొరుగు కలిపి 14. మిగిలిన 11 రంగు కాగితాలకు, రిబ్బన్లకు, పార్సిలు ఛార్జీలకు. అంటే ఒక్కొక్క బిడ్డకు ఎంత ఖర్చు పెట్టామో, చింపి చెత్తబుట్టలో వేసే కాగితాలకూ రవాణాకూ సరిగ్గా అంతే పెట్టాం. నవంబరు నుంచి ఏది కొన్నా ‘పిల్లల కోసమే కదా’ అనుకుంటూ వచ్చిన ఇల్లు మాది.

1993లో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే అమెరికా ఆర్థికవేత్త క్రిస్మస్ కానుకల మీద ఒక వ్యాసం రాశాడు. విద్యార్థులను కూర్చోబెట్టి, మీకొచ్చిన కానుకకు ఇచ్చినవాళ్లు ఎంత పెట్టి ఉంటారు, అభిమానం సంగతి పక్కన పెడితే దానికి మీరు ఎంత విలువ కడతారు అని అడిగాడు. పెట్టిన ధరలో పదో వంతు నుంచి మూడో వంతు దాకా పుచ్చుకున్నవాళ్ల లెక్కలో ఆవిరైపోయిందని తేల్చాడు. స్నేహితులు ఇచ్చినవాటిలో ఆ నష్టం తక్కువ. అత్తలు, మామలు, తాతలు, అమ్మమ్మల వంటి చుట్టాలు ఇచ్చినవాటిలో ఎక్కువ. మొదటిసారి చదివినప్పుడు, అభిమానాన్ని పక్కన పెట్టాక ఇక కానుకలో ఏం మిగులుతుందని చిరాకుపడ్డాను. తర్వాత నా నోటు పుస్తకంలోని 41 గుర్తొచ్చింది. మాకు కానుకగా వచ్చిన బ్లెండరు అటక మీద పెట్టె కూడా విప్పకుండా ఉన్న సంగతీ గుర్తొచ్చింది.

ఇంకో మాట చెప్పి ముందుకు వెళ్తాను. తూర్పు దేశపు జ్ఞానులు బంగారం, సాంబ్రాణి, బోళం తెచ్చారని మత్తయి సువార్తలో ఉంది. ఎంతమంది వచ్చారో అందులో లేదు. కానుకలు మూడు కాబట్టి మనుషులూ ముగ్గురేనని మనమే లెక్క కట్టుకున్నాం. సరే, ఎంతమందైనా కానివ్వండి, ఇవ్వాల్సిన బిడ్డకు ఇచ్చి వేరే దారిన వెళ్లిపోయారు. వాళ్లలో వాళ్లు ఇచ్చిపుచ్చుకున్నట్టు ఎక్కడా రాయలేదు. మా ఆయనతో ఈ మాట అంటే, ‘వాళ్లు ఒకరికొకరు తోడికోడళ్లు కారుగా’ అన్నాడు.

అత్తగారి వైపు మేము మొత్తం 12 మంది. మేము నలుగురం. మా వదిన, ఆవిడ భర్త, ఇద్దరు అమ్మాయిలు కలిపి నలుగురు. మరిది, తోడికోడలు, వాళ్ల బాబు ముగ్గురు. అత్తయ్య ఒక్కరు. ప్రతి ఇల్లూ తక్కిన ఇళ్లలోని ఒక్కొక్కరికీ ఒక్కో పొట్లం ఇస్తుంది. మేము 8, వదిన వాళ్లు 8, మరిది వాళ్లు 9, అత్తయ్య 11. మొత్తం 36 పొట్లాలు. ఈ లెక్క వేసిన రోజు రాత్రి నాకు ఒక సంగతి తట్టింది. ఈ 36లో పెద్దవాళ్లు పెద్దవాళ్లకు ఇచ్చుకునేవన్నీ దాదాపు సమానమైన విలువవే. నేను వదినకు ఎంత ఇస్తే ఆవిడ నాకు అంత ఇస్తుంది. ఏ ఏడైనా ఒకరిది కాస్త ఎక్కువైతే మరుసటేడు రెండోవాళ్లు సరిచేస్తారు. డబ్బు ఎవరి దగ్గరా మిగలదు, ఎవరికీ చేరదు. గుండ్రంగా తిరుగుతుంది, తిరిగే ప్రతిసారీ కాస్త కాస్త పెరుగుతుంది.

పుస్తకంలో లెక్క తేలడానికి ఒక రాత్రి పట్టింది. దాన్ని నోటితో చెప్పడానికి తొమ్మిది నెలలు పట్టింది. బాకీ తీరిన అక్టోబరులోనే, ఇంకెవరూ కొనడం మొదలుపెట్టకముందే, ధైర్యం చేసి వదినకు ఫోను చేశాను. అంతకుముందు ఏం మాట్లాడాలో కాగితం మీద రాసుకున్నాను కూడా. ‘వదినా, ఈ ఏడు పెద్దవాళ్లం చీట్లు వేసుకుందామా, ఒక్కొక్కరం ఒక్కరికే ఇద్దాం’ అన్నాను. ఆవిడ ఏమీ మాట్లాడలేదు. కోపం వచ్చిందనుకుని, మా ఆయన పని సంగతి, బాకీ సంగతి గబగబా చెప్పేశాను. చివరికి ఆవిడ అన్న మాట ఇది: ‘ఆ బ్లెండరు వాయిదా మేము ఆగస్టు దాకా కట్టామమ్మా.’

ఇద్దరం చాలాసేపు నవ్వాం. నవ్వు ఆగాక నాకు సిగ్గేసింది. నేను వాళ్లకు తగ్గకూడదని వాయిదాల మీద కొన్నాను. వాళ్లు మాకు తగ్గకూడదని వాయిదాల మీద కొన్నారు. పదేళ్లుగా ఫోనులో వారానికి రెండుసార్లు మాట్లాడుకుంటున్నాం, ఈ ఒక్క సంగతి తప్ప.

తోడికోడలితో అంత సులువుగా తెమలలేదు. వాళ్ల బాబుకు అప్పటికి రెండో క్రిస్మస్. ‘వీడు పుట్టాకే మీకు ఖర్చులు గుర్తొచ్చాయా అక్కా’ అంది. నాకు ఆ కోణం తట్టనే లేదు. ఆమె చెప్పాక చూస్తే ఆమె బాధ న్యాయమే. వదిన పిల్లలు, మా పిల్లలు పదేళ్లు పొట్లాలు విప్పాక, వాడి వంతు వచ్చేసరికి మేము పద్ధతి మారుస్తున్నాం. వారం రోజులు ఆమె నుంచి ఫోను రాలేదు. చివరికి బాబుకు అయిదేళ్లు వచ్చేదాకా వాడికి ఎవరైనా ఇవ్వవచ్చని, చీట్లతో సంబంధం లేదని ఒప్పుకున్నాం. అయినా ఆ మొదటి ఏడు ఆమె అందరికీ ఏదో ఒకటి తెచ్చింది. చేతులు ఊపుకుంటూ రావడం ఆమె వల్ల కాలేదు. మేము ఎవరమూ తిరిగి ఇవ్వలేదు. ఇబ్బందిగానే గడిచింది. కిందటేడు మాత్రం తన చీటీకి ఒక్కటే తెచ్చింది.

చీట్ల పద్ధతి ఇప్పుడు ఇలా నడుస్తోంది. అక్టోబరులో వదిన పెద్దవాళ్లు ఆరుగురి పేర్లూ రాసి తీస్తుంది. భార్యాభర్తలకు ఒకరి పేరు ఒకరికి వస్తే మళ్లీ తీయాలి. ఖర్చుకు పైహద్దు అందరూ కలిసి అనుకుంటాం, దాన్ని నిర్ణయించేది ఆ ఏడు చేతిలో అందరికంటే తక్కువ ఉన్నవాళ్లు. ఎవరి చేతిలో తక్కువుందో అడగం. ఎవరు చిన్న అంకె చెబితే అదే హద్దు. బాబు కాక మిగిలిన నలుగురు పిల్లలు విడిగా చీట్లు తీస్తారు, తోబుట్టువుల పేరు రాకూడదు, సొంతంగా దాచుకున్న డబ్బుతో గానీ చేత్తో చేసి గానీ ఇవ్వాలి. పెద్దవాళ్ల హద్దును మా ఆయన ఒకసారి దాటాడు. వదిన దాన్ని అందరి ముందూ ప్రకటించింది. మళ్లీ దాటలేదు.

ఇక పిల్లల సంగతి. ఆ చెడ్డ క్రిస్మస్ అయిన పది రోజులకు మా అమ్మాయి నన్ను ఒక ప్రశ్న వేసింది. అప్పుడు దానికి ఆరేళ్లు. ‘అమ్మా, నా స్నేహితురాలికి క్రిస్మస్ తాత సైకిలు ఇచ్చాడట. నాకు రంగు పెన్సిళ్లు ఇచ్చాడు. నేను అంత చెడ్డపిల్లనా?’

ఏం చెప్పాలో తెలియలేదు. ఏడాదంతా ‘మంచిగా ఉంటే తాత ఇస్తాడు’ అని చెప్పింది నేనే. అది విన్న పిల్ల, సైకిలుకూ పెన్సిళ్లకూ మధ్య ఉన్న తేడాను తన మంచితనం నుంచి తీసివేసుకుంది. తీసివేత సరిగ్గానే చేసింది, తప్పు నేనిచ్చిన లెక్కలో ఉంది. ‘తాతకు బరువు మోసే ఓపిక తగ్గింది’ అని ఏదో చెప్పి ఆ పూట గడిపాను. ఆ రాత్రి మా ఆయనతో కూర్చుని ఒకటి నిర్ణయించుకున్నాను. ఇకమీదట మా ఇంట్లో పెద్ద కానుక ఏదైనా ఉంటే అది అమ్మానాన్నలు ఇచ్చినట్టే. తాత పేరు మీద వచ్చేది ఎప్పుడూ చిన్నదే, జేబులో పట్టేదే. అమ్మానాన్నల దగ్గర ఈ ఏడు డబ్బు లేదంటే పిల్లలకు అర్థమవుతుంది. తాతకు డబ్బు ఉండి కూడా తనకు ఇవ్వలేదంటే అర్థం కాదు. మంచిగా ఉంటేనే ఇస్తాడన్న మాట కూడా మానేశాను. మరో ఇంటి పిల్ల మా అమ్మాయిని చూసి అదే ప్రశ్న వేసుకోకూడదన్న ఆలోచన కూడా అందులో ఉంది.

ఆ తాతకు మూలమని చెప్పే నికొలస్ నాలుగో శతాబ్దంలో మైరా అనే ఊరికి బిషప్పు. ఆ చోటు ఇప్పుడు తుర్కియేలో ఉంది. ముగ్గురు కూతుళ్లకు కట్నం ఇచ్చుకోలేని ఒక తండ్రి ఇంట్లోకి ఆయన రాత్రివేళ బంగారం మూటలు విసిరి వెళ్లాడని కథ. ఆ ఇంట్లో మంచివాళ్లెవరు, అల్లరి చేసిందెవరు అని ఆయన జాబితా రాసుకున్నట్టు కథలో లేదు. ఇల్లు ఇబ్బందిలో ఉంది, ఇచ్చాడు, అంతే.

మా అబ్బాయి దారి వేరు. వాడికి అప్పుడు పదకొండు, ఇప్పుడు పద్నాలుగు. చిన్నప్పుడు పెట్టెలు లెక్కపెట్టేవాడు. చెల్లికి మూడుంటే తనకూ మూడు ఉండాలి. ఇప్పుడు ధరలు లెక్కపెడతాడు. కిందటేడు ఫోను అడిగాడు. వాడికి ఆ నోటు పుస్తకం చూపించాను. అంతా కాదు, కానుకల పేజీ మాత్రం. చాలాసేపు చూసి, ‘కాగితాలకు 11 ఏమిటమ్మా, పిచ్చా?’ అన్నాడు. అప్పటినుంచి మా ఇంట్లో పొట్లాలు కట్టే శాఖ వాడిదే. పాత క్యాలెండరు కాగితాలు, కిందటేడు జాగ్రత్తగా విప్పి మడత పెట్టిన కాగితాలు, అంతే. ఫోను సంగతికొస్తే, ఆ పేజీలో తన వాటా చూసి రెండేళ్ల వాటా ఒకేసారి ఇస్తే ఒక ఏడు ఏమీ వద్దని బేరం పెట్టాడు. రెండో ఏడు ఇది. డిసెంబరు దగ్గరపడేకొద్దీ ఆ ఒప్పందం మీద వాడికి నమ్మకం సడలుతోందని ముఖం చూస్తే తెలుస్తోంది.

డబ్బు పక్కన పెట్టే పద్ధతిలో కొత్తగా నేను కనిపెట్టింది ఏమీ లేదు. 1909లో అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని కార్లైల్‌లో ఒక ట్రస్టు కంపెనీ క్రిస్మస్ పొదుపు ఖాతాలు తెరిచింది. వారం వారం చిన్న మొత్తం వేస్తే పండుగ ముందు మొత్తం చేతికిస్తారు. తర్వాత చాలా బ్యాంకులు అలాంటివి పెట్టాయి. వాటిలో వడ్డీ నామమాత్రమే, అయినా జనం చేరారు. ఎందుకు చేరారో నాకు బాగా తెలుసు. చేతికి అందే డబ్బు నిలవదు. నేనూ వేరే ఖాతా ఒకటి తెరిచి, దాని కార్డు బీరువా పై అరలో పెట్టాను. జనవరి నుంచి నవంబరు దాకా 11 నెలలు, జీతం పడిన రోజునే కొంత అందులోకి పోతుంది. డిసెంబరు 1న అందులో ఎంతుంటే అంతే. అంతకుముందు పేర్లు రాసి, ఎదురుగా వస్తువులు రాసి, చివర కూడేదాన్ని; కూడిక ఎప్పుడూ భయపెట్టేది. ఇప్పుడు మొత్తం ముందే రాసి ఉంటుంది, పేర్లు దానిలో సర్దుకోవాలి. సర్దుకోలేకపోతే పేరు పోతుంది, మొత్తం మారదు. ఆఫీసువాళ్లు, ఇరుగుపొరుగు ఆ విధంగానే పోయారు. వాళ్లకు మా అమ్మాయి వేసిన కార్డులు వెళ్తాయి. ఎవరూ ఏమీ అనలేదు. నిజం చెప్పాలంటే ఇద్దరు తోటి టీచర్లు ‘హమ్మయ్య’ అన్నారు.

చేతులు కాల్చుకున్నవీ ఉన్నాయి. ముందుగా కొంటే చవకని రెండేళ్ల క్రితం జూలైలోనే తగ్గింపు ధరలకు కొని బీరువాలో దాచాను. దాచిన సంగతి మరిచిపోయి డిసెంబరులో మళ్లీ కొన్నాను. ఎవరి కోసమో అనుకోకుండా, సగం ధరకు వస్తోందని తెచ్చిన రెండు బొమ్మలు ఇంకా అక్కడే ఉన్నాయి. వాటికి తగిన వయసు పిల్లలు మా చుట్టాల్లో ఎవరూ లేరు. తగ్గింపులో కొన్నదాని మీద మిగిలిన డబ్బును ఇంతవరకు నేను ఎక్కడా చూడలేదు.

అత్తయ్య చీట్లలో చేరలేదు. ‘మీరు మీరు ఏమైనా చేసుకోండి. నేను పదకొండు మందికీ ఇస్తాను, నన్ను ఆపకండి’ అంది. ఆవిడ పింఛనులోంచి ఏడాది పొడవునా కొంత దాస్తుంది. మేమందరం అప్పులు చేసిన ఏడు కూడా ఆవిడకు బాకీ లేదు. ఆవిడకు ఏం ఇవ్వాలన్నదే చిక్కు. అడిగితే ‘నాకెందుకమ్మా’ అంటుంది. మొదటి ఏడు పిల్లలంతా కలిసి ఒక నోటు పుస్తకం చేశారు. పేజీకి ఒక మనిషి, ఫొటో అతికించి, కింద ఫోను నంబరు బెత్తెడు అక్షరాలతో. ఆవిడకు కళ్లు సరిగా ఆనవు, ఫోనులో పేర్లు వెతుక్కోలేదు. ఆ పుస్తకం వచ్చాక రోజూ ఎవరో ఒకరికి తనే చేస్తోంది. మా వంతు మంగళవారం.

ఈ మంగళవారం చేసి, ‘మీ మరిది నంబరు మారింది, కళ్ల డాక్టరుదీ మారింది. ఆ పుస్తకం మళ్లీ రాయించు. ఈసారి అక్షరాలు ఇంకాస్త పెద్దవి’ అంది. మా అమ్మాయి అప్పుడే గీతలు కొట్టడం మొదలుపెట్టింది. పేజీకి మూడు అంకెలకంటే పట్టడం లేదు.